మార్చిలో హిమాయత్‌సాగర్: కట్ట వైపా, వెనక వైపా?

తూముగట్టు:
మార్చి మొదటి ఆదివారం పొద్దున హిమాయత్‌సాగర్ వెళ్దామనుకుంటున్నాం. నలుగురం, అందరి దగ్గరా 8×42 బైనాక్యులర్లే, స్కోప్ (స్టాండ్ మీద పెట్టి దూరం పిట్టల్ని చూసే టెలిస్కోప్) లేదు. కట్ట మీద నుంచి నీటికాకులు, బొల్లికోళ్లు తప్ప ఏమీ దొరకవంటున్నారు. ఎటు దిగాలి? ఒడ్డున పరిగెత్తే చిన్న ఉల్లంకి పిట్టలన్నీ మాకు ఒకేలా కనిపిస్తాయి, వాటిని విడదీయడమెలా?

శిఖంభూమి:
కట్ట వైపు వద్దండి. అక్కడ లోతెక్కువ, నీళ్లు అడుగు తగ్గితే రాళ్లే బయటపడతాయి. వాగు వచ్చి కలిసే వెనక వైపు నేల చదును, అదే అడుగుకి గజాల కొద్దీ ఒండ్రు తేలుతుంది. ఉల్లంకుల మేత అక్కడే. బయల్దేరే ముందు నీటిమట్టం ఎంతుందో చూసుకోండి, నిండుమట్టం 1763.50 అడుగులు. దానికి దగ్గరగా ఉంటే ఆ వారం వేరే చెరువు చూసుకోవడం మేలు.

పొద్దున తూర్పు ఒడ్డున కూర్చుని పడమరకి చూడండి. ఎదురెండలో కాళ్ల రంగు తెలీదు, ఈ పిట్టల్లో సగం గుర్తు కాళ్లే. ఆరున్నరకల్లా అక్కడుండాలి. తొమ్మిది దాటాక నేల మీద సెగ ఆడుతుంది, అప్పుడు స్కోప్‌ని 60 రెట్లకి తిప్పినా వణుకుతున్న మరకే కనిపిస్తుంది. కాబట్టి స్కోప్ లేదని బాధపడకండి.

పిట్టల మీదికి నడవొద్దు. ఒకచోట కూర్చుని ఇరవై నిమిషాలు కదలకపోతే లేచిపోయినవే మేస్తూ తిరిగొస్తాయి. ఒండ్రు పైపొర నెర్రెలిచ్చి గట్టిగా కనిపిస్తుంది, కింద ఊబి ఉంటుంది. కర్రతో పొడుస్తూ వెళ్లండి. గేదె గిట్ట దిగిన గుంటలో నీళ్లు ఊరుతుంటే అక్కడితో ఆగిపోవాలి.

లకుముకి:
ఉల్లంకుల్లో వుడ్ శాండ్‌పైపర్‌కి కాళ్లు పసుపు, వీపు నిండా చుక్కలు, కంటి మీది తెల్లగీత కన్ను దాటి వెనక్కి పోతుంది. గ్రీన్ శాండ్‌పైపర్‌కి ఆ గీత కంటి దగ్గరే ఆగుతుంది, ఎగిరితే రెక్క కింద నలుపు, తోక మొదట్లో తెల్లటి మచ్చ. కామన్ శాండ్‌పైపర్‌కి రెక్క ముందు తెల్లటి చీలిక ఉంటుంది, తోక ఊపడం ఆపదు.

ఇంకా చిన్నవైన స్టింట్లలో లిటిల్ స్టింట్ కాళ్లు నలుపు, టెమ్మింక్స్ స్టింట్‌వి పసుపు. ఇక్కడే అందరూ పప్పులో కాలేస్తారు: బురద అంటితే ఏ కాలైనా నల్లగానే ఉంటుంది. అది నీళ్లలో నాలుగడుగులు వేసేదాకా ఆగి రాసుకోండి. కంటి చుట్టూ పసుపు వలయం, మెడ కింద తెగని పట్టీ ఉంటే లిటిల్ రింగ్డ్ ప్లోవర్. పట్టీ మధ్యలో తెగితే కెంటిష్ ప్లోవర్. మార్చిలో ఈకలు మారుతుంటాయి కాబట్టి పుస్తకంలో ఉండే చలికాలపు, గుడ్లు పెట్టే కాలపు బొమ్మలు రెండిటికీ మధ్యస్థంగా కనిపిస్తాయి.

తూముగట్టు:
చాలా సాయం చేశారండీ. ఫ్లెమింగోల మంద ఉంటే లెక్కెలా? మధ్యలో తేలిన దిబ్బల మీదికి వెళ్లొచ్చా?

శిఖంభూమి:
పది పిట్టల్ని లెక్కపెట్టి, ఆ వెడల్పుతో మిగతా మందని కొలవండి. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు రెండుసార్లు. ఈబర్డ్‌లో (చూసిన పిట్టల జాబితా నమోదు చేసే వెబ్‌సైట్) లెక్క లేకుండా 'ఉంది' అని చెప్పే ఎక్స్ పెట్టేకంటే ఆ అంచనా అంకె వేయడమే మంచిది.

దిబ్బలెక్కొద్దు. రివర్ టెర్న్, స్మాల్ ప్రాటిన్‌కోల్ అనే పిట్టలు ఈ రోజుల్లో ఉత్త నేల మీదే గుడ్లు పెడతాయి, అవి గులకరాళ్లలో కలిసిపోతాయి. తల్లి లేస్తే ఆ ఎండకి గుడ్డు పాడవుతుంది, లేదంటే కాకి ఎత్తుకుపోతుంది. ఒడ్డున కూడా తీతువు నెత్తి మీద తిరుగుతూ అరిచినా, ఏదైనా పిట్ట రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ పోయినా ముందుకి అడుగేయకుండా వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి. గూడు ఫొటో, లొకేషన్ ఇక్కడ పెట్టకండి.