1950ల బేస్‌బాల్ కార్డులకు ఇంకా గిరాకీ ఉంటుందా, ఆ తరంతోనే పోతుందా?

ఫ్రిస్కో నాన్న:

నమస్తే అండీ. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మా వాడు ఆరో తరగతి, లిటిల్ లీగ్ ఆడతాడు, ఆటతో పాటు కార్డుల పిచ్చి కూడా పట్టుకుంది. వాడికి కావలసినవి ఒహ్తానీ, పాల్ స్కీన్స్. వాడి వెంట కార్డ్ షోలకు తిరుగుతుంటే నాకేమో పాత కార్డుల మీద మనసు పడింది, ముఖ్యంగా టాప్స్ అనే కంపెనీ 1956లో వేసిన సెట్. కార్డు అడ్డంగా ఉంటుంది, ఒక పక్క ఆటగాడి ముఖం పెద్దగా, వెనకాల అదే మనిషి బేస్‌లోకి జారుతూనో బంతి అందుకుంటూనో ఇంకో బొమ్మ. ఆ రంగులు చూస్తే మన పాత సినిమా పోస్టర్లు గుర్తొస్తాయి.

విషయం ఏంటంటే, షోలో పాత కార్డుల బల్లల దగ్గర అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ చాలావరకు అరవై దాటినవాళ్లే. కొత్త కార్డుల వైపు కాలు పెట్టే సందు లేదు, పిల్లలు చిన్న చిన్న పెట్టెలు తెరిచి కింద కూర్చుని మార్పిడి చేసుకుంటున్నారు. ఒక పెద్దాయన దగ్గర 50ల సెట్లు పూర్తిగా ఉన్నాయి. "మా పిల్లలకు ఇవి అక్కర్లేదు, కామన్లు, అంటే పెద్దగా పేరులేని ఆటగాళ్ల కార్డులు, అడిగేవాడే లేడు" అన్నాడు. ఆ మాట నన్ను వదలడం లేదు.

అంటే మికీ మాంటిల్‌ని, విల్లీ మేస్‌ని మైదానంలో చూసినవాళ్లు పోతే ఈ కార్డులను పట్టించుకునేవాళ్లు ఉండరా? ఏ కాలం కార్డులకు గిరాకీ తగ్గుతోంది, వేటికి పెరుగుతోంది? నేను కోటీశ్వరుణ్ణి కాదు, నెలకు కొంచెం పక్కన పెట్టి కొనుక్కుందామని.

పాత అట్టముక్క:

మంచి ప్రశ్న అండీ. "చూసినవాళ్లు పోతే మోజు పోతుంది" అనే మాట షోల్లో ఎప్పుడూ వినిపిస్తుంది, కానీ అందులో సగమే నిజం. హోనస్ వాగ్నర్ ఆట మానేసింది 1917లో. ఆయన ఆడగా చూసినవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. అయినా సిగరెట్ పెట్టెల్లో వచ్చిన టీ206 అనే సెట్లోని ఆయన కార్డు 2021లో 66 లక్షల డాలర్లకు, 2022లో ఇంకొకటి 72.5 లక్షలకు పోయింది. బేబ్ రూత్ 1914 బాల్టిమోర్ న్యూస్ కార్డు 2023 డిసెంబర్‌లో 72 లక్షలు. కాబట్టి మోజు చూసినవాళ్లతో పోదు. పోయేది వేరే.

ప్రతి కాలంలోనూ కొద్దిమంది ఆటగాళ్లు ఆట దాటి చరిత్రలోకి వెళ్లిపోతారు. రూత్, జాకీ రాబిన్సన్, మాంటిల్, మేస్, ఆరన్, క్లెమెంటే. వీళ్ల గురించి స్కూల్లోనో, టీవీలోనో, తాతల నోటనో పిల్లలు వింటూనే ఉంటారు. వాళ్ల కింద ఇంకో మెట్టు ఉంటుంది: హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే గొప్ప ఆటగాళ్ల గౌరవ జాబితాలో ఉన్నారు, కానీ సొంత ఊరి అభిమానులు తప్ప ఎవరూ తలవరు. ఆ కింద కామన్లు. పెద్దాయన చెప్పింది ఆ కింది రెండు మెట్ల గురించి, ఆయన మాట నిజమే. ఒకప్పుడు జనం సెట్ మొత్తం కట్టేవాళ్లు, చేతిలో నంబర్ల జాబితా పట్టుకుని బల్లబల్లకూ తిరిగి ఒక్కో కామన్ వెతికేవాళ్లు. సెట్ పూర్తి చేయాలనే పట్టుదల ఉన్నంతకాలం పేరు తెలియని రెండో బేస్‌మన్‌కి కూడా విలువ ఉండేది. ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్లు ఒకే ఆటగాడిని పట్టుకుని పోగేస్తారు, లేదా ఒక్క పెద్ద కార్డు కొని ఆగిపోతారు. మారింది ఈ అలవాటే, కామన్ల ధర పడిపోవడానికి అసలు కారణం ఇదే.

1952 టాప్స్ మాంటిల్ సంగతే చూడండి. ఆ సెట్ చివరి సిరీస్, అంటే 311 నుంచి 407 వరకు, సీజన్ ముగింపులో వచ్చింది, అమ్ముడుపోలేదు. గోదాములో మిగిలిన పెట్టెలను 1960లో టాప్స్‌లో పనిచేసే సై బెర్గర్ పడవకెక్కించి న్యూజెర్సీ ఒడ్డు దాటాక అట్లాంటిక్‌లో పారబోయించాడు. తమాషా ఏంటంటే ఆ సిరీస్‌లో మాంటిల్, రాబిన్సన్, బాబీ థామ్సన్ కార్డులు షీటు మీద రెండేసి సార్లు అచ్చయ్యాయి, అంటే వాటి పక్కనున్న చాలా కామన్ల కంటే మాంటిలే ఎక్కువ దొరుకుతాడు! అయినా 1991లో 50,000 డాలర్లకు కొన్న ఒక మాంటిల్ 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. కొరత ఒక్కటే ధర పెంచుతుందని ఎవరైనా అంటే ఈ కార్డు చూపించండి.

మీలాంటి వాళ్లకు ఇది మంచి కాలం అనే అంటాను. 1956 కామన్లు, రెండో మెట్టు హాల్ ఆఫ్ ఫేమర్లు ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. ఇష్టమైతే ఆ సెట్టే కట్టండి.

హ్యూస్టన్ చిన్నోడు:

అన్నా, మీరు పాత కాలమే చెప్పారు, మా తరం సంగతి నేను చెప్తాను. నేను ఇక్కడే పెరిగాను. 80ల చివర్లో, 90ల మొదట్లో మా వీధిలో ప్రతి ఇంట్లో కార్డుల పెట్టెలే. 1980లో ఫ్లీర్ అనే పోటీ కంపెనీ కోర్టులో టాప్స్ మీద గెలిచింది, 1981 నుంచి ఫ్లీర్, డాన్‌రస్ కూడా దిగాయి, తర్వాత స్కోర్, అప్పర్ డెక్. అందరూ "దాచుకుంటే కాలేజీ ఫీజు వచ్చేస్తుంది" అన్నారు, కంపెనీలు అడిగినంతా అచ్చేశాయి. ఆ కాలాన్నే ఇప్పుడు జంక్ వాక్స్, అంటే చెత్త ప్యాకెట్ల కాలం అంటారు. 1988 డాన్‌రస్ పెట్టె సీలు విప్పకుండా ఉన్నా పెద్దగా రాదు. 1994లో ఆటగాళ్ల సమ్మె, వరల్డ్ సిరీస్ రద్దు, దాంతో చాలామంది వదిలేశారు.

కానీ అప్పటి పిల్లలకు ఇప్పుడు నలభై దాటింది, ఉద్యోగాలు, చేతిలో డబ్బు. మరి వాళ్లు మాంటిల్ కొంటున్నారా? కొందరు కొంటున్నారు. చాలామంది మాత్రం చిన్నప్పుడు ప్యాకెట్లో రానిది కొంటున్నారు. 1993 టాప్స్ ఫైనెస్ట్ రిఫ్రాక్టర్లు (వెలుగు పడితే రంగులు మెరిసే కార్డులు), అదే ఏడు ఎస్‌పీ సెట్లో డెరెక్ జీటర్ రూకీ (ఆటగాడి తొలి కార్డు), 90ల చివర్లో ప్యాకెట్లలో అరుదుగా వచ్చిన మెరుపు ఇన్సర్ట్‌లు. పాతవాళ్లకు ఇవి కార్డుల్లాగే కనబడవు, నాకు మాత్రం గుండె లాగేస్తుంది. అందుకే ఒక్కో తరం ఒక్కో చోట వెతుకుతుంది అనేది నా అనుభవంలో నిజమే.

సీటెల్ లక్ష్మి:

చిన్నోడు చెప్పిన దానికి ఒక్క మినహాయింపు. 1989 అప్పర్ డెక్ 1వ నంబరు కార్డు, కెన్ గ్రిఫీ జూనియర్. ఆ కార్డుకు కొరతన్నదే లేదు, ఎక్కడ చూసినా ఉంటుంది, అయినా ఎన్నేళ్లుగానో జనం కొంటూనే ఉన్నారు. మా ఊళ్లో ఆ నవ్వు ముఖం లేని కార్డుల షాపు నేను చూడలేదు. అలాగే ఇచిరో 2001 రూకీలు. 2025లో ఆయన హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లాక మా వైపు అడిగేవాళ్లు పెరిగారు. ఆసియా నుంచి వచ్చినవాళ్లకు ఇచిరో అంటే ఒక ప్రత్యేకమైన అభిమానం, నేనూ అందులో దాన్నే.

భూతద్దం:

ధరల మాట సరే, ముందు నకిలీల సంగతి తెలుసుకోండి ఫ్రిస్కో నాన్న గారూ. గ్రేడ్ చేయని, అంటే ఏ కంపెనీ పరీక్షించి 1 నుంచి 10 మధ్య మార్కు వేయని పాత కార్డు కొనేటప్పుడు మూడు చూడాలి.

కొలత. 1952 నుంచి 1956 వరకు టాప్స్ కార్డు ఇప్పటిదాని కంటే పెద్దది, 2 5/8 ఇంచిల వెడల్పు, 3 3/4 ఇంచిల పొడవు. 1957 నుంచి ఇప్పటి సైజు, రెండున్నర, మూడున్నర. అంచు నలిగిన కార్డును సన్నగా కోసేసి కొత్తదానిలా అమ్మేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఒకప్పుడు హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్కీ దగ్గరున్న ఆ ప్రఖ్యాత వాగ్నర్ కార్డు అంచులు తానే కోశానని వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో ఒప్పుకున్నాడు. అంత పెద్ద కార్డుకే అలా జరిగింది.

రెండోది నల్ల లైటు, అదే యూవీ టార్చ్. ఇప్పటి కాగితంలో తెల్లగా కనబడటానికి కలిపే రసాయనం ఆ లైటు కింద నీలంగా వెలుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కార్డు అలా వెలిగితే డబ్బు జేబులోనే ఉంచుకోండి. మూడోది భూతద్దం. టీ206 కార్డు కింద పేరు, చుట్టూ గీత నిండుగా అచ్చయి ఉంటాయి. నకలులో అవి చుక్కలు చుక్కలుగా విడిపోతాయి. ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూస్తే ఇక మర్చిపోరు.

ఇంకోటి, 1983లో టాప్స్ వాళ్లే 1952 సెట్‌ని మళ్లీ వేశారు. వెనకాల రీప్రింట్ అని ఉంటుంది, సైజూ చిన్నది. ప్లాస్టిక్ కవర్లో ముందువైపే చూపించి అమ్మేవాళ్ల దగ్గర జాగ్రత్త.

ఫ్రిస్కో నాన్న:

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. ఇంకో సందేహం. గ్రేడ్ ఎంత ఉండాలి? 8 ఉన్నది చూస్తే ధర వింటేనే టెన్షన్ వస్తోంది, 2 ఉన్నది చూస్తే మూలలు గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి. అలాగే యుద్ధానికి ముందు కార్డులు మాలాంటి వాళ్లకు అందుతాయా?

పాత అట్టముక్క:

నాకు చెప్పాలని ఉన్నది ఇదే, గ్రేడ్ల విషయంలో వచ్చిన మార్పు నిజంగా బాగుంది. 2020, 21లో లాక్‌డౌన్ డబ్బుతో అందరూ పెద్ద గ్రేడ్ల వెంట పడ్డారు, కార్డులు కుప్పలు పడి 2021 మార్చిలో గ్రేడ్ వేసే కంపెనీ పీఎస్ఏ చాలా సర్వీసులు ఆపేయాల్సి వచ్చింది. ఆ ఊపు తగ్గాక చాలా వాటి ధరలు దిగాయి. ఆ తర్వాత నేను గమనించింది, జనం గ్రేడ్ చేసిన కార్డు ఉండే ప్లాస్టిక్ డబ్బా మీద నంబరు కంటే కార్డు ముఖం చూసి కొనడం నేర్చుకున్నారు. బొమ్మ మధ్యలో కుదురుగా ఉందా, రంగు వెలిసిందా, ముఖం మీద మడత ఉందా. వెనకాల ఎవరో పిల్లాడు పెన్సిల్‌తో గీసినందుకు 2 పడిన కార్డు ముందువైపు 5 లాగా ఉండొచ్చు. అలాంటివి వెతకండి.

యుద్ధానికి ముందువి నిక్షేపంగా అందుతాయి. టీ206 సెట్లో మొత్తం 524 కార్డులు, వాగ్నర్ లాంటి నాలుగైదు తప్పిస్తే అరిగిన కామన్లు మామూలు ఉద్యోగి కొనగలిగే ధరలోనే ఉన్నాయి. నూట పదేళ్ల కిందటి రాతి అచ్చు, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, వెనకాల పీడ్‌మాంట్ అనో స్వీట్ కాపోరల్ అనో సిగరెట్ ప్రకటన. ఒకటి చేతిలోకి తీసుకోండి, తర్వాత మాట్లాడదాం. నా కళ్ల ముందే ముప్పై ఏళ్ల లోపు కుర్రాళ్లు వీటిలోకి వస్తున్నారు. వాళ్లకు మాంటిలూ ఒకటే, వాగ్నరూ ఒకటే, ఇద్దరూ చరిత్రే. అందుకే 50ల రెండో మెట్టు నీరసపడినా 1909 కార్డులు నిలబడ్డాయనిపిస్తుంది నాకు.

ఈసారి న్యూయార్క్ వెళ్తే మెట్రోపాలిటన్ మ్యూజియంలో బర్డిక్ కార్డులు ప్రదర్శనలో ఉన్నాయేమో కనుక్కోండి. జెఫర్సన్ బర్డిక్ అనే ఆయన జీవితమంతా పోగేసిన మూడు లక్షలకు పైగా కాగితాలు ఆ మ్యూజియానికి ఇచ్చేశాడు, అందులో ముప్పై వేలకు పైగా బేస్‌బాల్ కార్డులే. టీ206 లాంటి పేర్లు ఆయన కేటలాగ్ నుంచే వచ్చాయి. కీళ్లవాతంతో చేతులు వంకర్లు పోతున్నా అక్కడే కూర్చుని ఆల్బమ్‌లలో అంటించి, 1963లో చనిపోయాడు. ఈ వ్యసనంలో ఆయనంటే నాకు దేవుడితో సమానం.

సీటెల్ లక్ష్మి:

డబ్బు కోసం కొనేవాళ్లకు ఒక మాట. లాభానికి అమ్మితే, ఏడాది దాటాక కూడా, కార్డులు కలెక్టిబుల్స్ కింద వస్తాయి, ఫెడరల్ పన్ను 28 శాతం వరకు పడుతుంది, షేర్ల లెక్క కాదు. వేలం వాళ్ల కమిషన్ దానికి అదనం. ఎవరైనా పెద్ద ఆటగాడు చనిపోయిన వారం అస్సలు కొనకండి. 2024 జూన్‌లో విల్లీ మేస్, డిసెంబర్‌లో రికీ హెండర్సన్ పోయినప్పుడు చూశాను, కార్డులు ఎగబడి కొన్నారు. కొన్ని నెలలు ఆగితే చాలు.

హ్యూస్టన్ చిన్నోడు:

ఫ్రిస్కో నాన్న గారూ, మీ వాడిని కలుపుకోవాలంటే టాప్స్ హెరిటేజ్ ప్యాకెట్లు కొనివ్వండి. ఇప్పటి ఆటగాళ్లను పాత డిజైన్లలో వేస్తారు. 2001లో 1952 డిజైన్‌తో మొదలుపెట్టారు, ఏడాదికొకటి జరుపుకుంటూ 2025కి 1976 డిజైన్ వచ్చింది. దాని పక్కన అసలు 1976 కామన్ ఒకటి పెట్టండి, అది దాదాపు ఊరికే వస్తుంది. మా అక్క కొడుకు అలాగే పాత కార్డుల్లోకి వచ్చాడు, ఇప్పుడు నోలన్ రయన్ తప్ప ఇంకో మాట లేదు.

ఫ్రిస్కో నాన్న:

ఈ హెరిటేజ్ ఐడియా అదిరింది బ్రో. నేనైతే క్లెమెంటేతో మొదలుపెడదామనుకుంటున్నాను. నికరాగువా భూకంప బాధితులకు సామాన్లు తీసుకెళ్తూ విమానం కూలి పోయాడని చదివినప్పటి నుంచి ఆ మనిషి మీద గౌరవం. ఏ ఏడు కార్డు మంచిది?

భూతద్దం:

1955 రూకీ జోలికి వెళ్లకండి, అరిగినదైనా ఖరీదే. మీకు నచ్చిన 1956లోనే ఆయన 33వ నంబరు, పేరు సరిగ్గా రాబర్టో అని ఉంటుంది. 1957 నుంచి 1969 దాకా టాప్స్ వాళ్లు బాబ్ అని వేశారు, ఆయనకు ఆ పేరు నచ్చేది కాదు. బడ్జెట్‌కి 1956 ఎక్కువైతే 1970 తర్వాతవి చూడండి, వాటిలో మళ్లీ రాబర్టోనే, ధర కూడా తక్కువ. 1971ది నల్ల అంచు కాబట్టి మూలల్లో ఒక్క తెల్ల చుక్క పడినా కనబడుతుంది, ఆ కార్డులో 3, 4 గ్రేడ్ చూసి భయపడకండి, చాలావరకు అలాగే దొరుకుతాయి. కొనేముందు ముందూ వెనకా ఫొటోలు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాం.