అప్‌డేట్: సొర పిందెలు రాలడం ఆగింది (కావలి, మిద్దె తోట)

మా మిద్దె మీద సొరపాదు పిందెలు బొటనవేలంత అయ్యాక పసుపు తిరిగి రాలిపోతున్నాయని ఇక్కడ అడిగాను. ఓపికగా జవాబులిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పనిచేసింది చేత్తో పుప్పొడి అంటించడమే. ఆ సలహా మొదట్లోనే వచ్చింది, నేనూ చేశాను, కానీ పొద్దున ఏడింటికి. అక్కడే పొరపాటు జరిగింది. గుమ్మడి పువ్వు తెల్లవారి విచ్చుకుంటుంది, సొర పువ్వు సాయంత్రం విచ్చుకుని పొద్దెక్కేసరికి వాడిపోతుంది. ఈ సంగతి ఉద్యాన శాఖలో పనిచేసే ఒక సార్ చెప్పారు. ఆయన రాలిన పిందెను కోసి చూపించారు. లోపల పురుగు లేదు, అంటే పిందెలో గుడ్లు పెట్టే పండు ఈగ వల్ల కాదు. మా వీధిలో లైట్లు ఎక్కువ, పుప్పొడి మోసే రాత్రి పురుగులు పాదు దాకా రావడం లేదేమోనని నా అనుమానం.

ఇప్పుడు సాయంత్రం ఆరున్నరకు సన్న కాడ ఉన్న మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, అడుగున పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దుతున్నాను. 9 పిందెల్లో 7 నిలిచాయి. మొదటి కాయ 13వ రోజు కోశాం, పులుసు పెట్టాం. ఎంత సంతోషమేసిందో!

బోరాన్ అనే సూక్ష్మపోషకం కూడా కొని కొట్టాను, తేడా ఏమీ రాలేదు. నీళ్లు తగ్గిస్తే ఆకులు వాడాయి, మళ్లీ మామూలుగానే పోస్తున్నా.

బరువు కాయలకు అమ్మ పాత చీర అంచులతో ఉయ్యాలలు అల్లింది. ఒక కాయను మాత్రం సొరబుర్ర కోసం తీగకే ఎండనిస్తున్నాం.