సొంత గ్రౌండ్ కట్టుకుని ఎఫ్‌సీ యునైటెడ్ బాగుపడిందా, ఇరుక్కుపోయిందా?

మాంచెస్టర్ మబ్బు
ఉద్యోగం మీద మాంచెస్టర్ వచ్చి మూడేళ్లయింది. మాంచెస్టర్ యునైటెడ్ ఆడే ఓల్డ్ ట్రాఫర్డ్ టికెట్ నా జేబుకు అందేది కాదు. అందుకని శనివారాలు మోస్టన్‌లో ఉన్న బ్రాడ్‌హర్స్ట్ పార్క్‌కి వెళ్తుంటాను. అది ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ వాళ్ల గ్రౌండ్.

తెలియనివాళ్ల కోసం: 2005లో గ్లేజర్ కుటుంబం అప్పులు తెచ్చి మాంచెస్టర్ యునైటెడ్‌ని కొన్నప్పుడు, ఒళ్లుమండి బయటికొచ్చేసిన అభిమానులు పెట్టుకున్న క్లబ్ ఇది. ఎంత డబ్బు పెట్టినా మనిషికి ఒకటే ఓటు. చొక్కా మీద స్పాన్సర్ పేరుండదు. బరీ క్లబ్ వాళ్ల గిగ్ లేన్‌లో ఏళ్ల తరబడి అద్దెకు ఆడి, చివరికి 2015 మే 29న సొంత గ్రౌండ్ తెరిచారు. ఆ రోజు ఆటకి పోర్చుగల్ క్లబ్ బెన్ఫికాని పిలిచారు. ఆ తేదీ ఊరికే ఎంచుకున్నది కాదు. 1968లో సరిగ్గా అదే రోజు వెంబ్లీలో మాంచెస్టర్ యునైటెడ్ 4-1తో బెన్ఫికాని కొట్టి యూరోపియన్ కప్ ఎత్తింది. ఈసారి మాత్రం ఎఫ్‌సీ యునైటెడ్ వాళ్లు 1-0తో ఓడిపోయారు. ఆ రోజు వెళ్లొచ్చినవాళ్లు స్కోరు గురించి మాట్లాడగా నేనింతవరకు వినలేదు.

మొన్న హాఫ్‌టైమ్‌లో టీ లైన్లో నా ముందు ఇద్దరు పెద్దాయనలు దీని మీదే గొడవపడ్డారు. "గ్రౌండ్ వచ్చింది, క్లబ్ పోయింది" అని ఒకాయన. "గ్రౌండే లేకపోతే ఈపాటికి మనల్ని మర్చిపోయేవాళ్లు" అని రెండో ఆయన. మీరేమంటారు?

చిట్టా ఆవర్జా
మొదటి పెద్దాయనే రైటు. ఇల్లు కట్టిచూడు అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఖర్చు 60 లక్షల పౌండ్లు దాటింది. అభిమానులు కమ్యూనిటీ షేర్ల (అభిమానులే కొనుక్కునే క్లబ్ వాటాలు) రూపంలో పెట్టింది 20 లక్షలకు పైనే, అది నిజంగా గొప్ప విషయం. మిగతాదంతా గ్రాంట్లు, అప్పులు. 2014 ఆగస్టుకల్లా అయిపోవాల్సిన పని ఇంకో తొమ్మిది నెలలు సాగింది.

ఇంకో సంగతి చూడండి. క్లబ్ ఇంగ్లండ్ లీగుల్లో పైనుంచి ఆరో అంచెకి ఎక్కింది 2014-15 సీజన్‌లో. ఆ ఏడాది వాళ్లకి ఇల్లే లేదు. కొన్ని మ్యాచ్‌లు స్టేలీబ్రిడ్జ్‌లో, కొన్ని కర్జన్ యాష్టన్ వాళ్ల దగ్గర ఆడారు. 2010లో ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్ఏ కప్‌లో తమకంటే నాలుగు అంచెలు పైనున్న రోచ్‌డేల్‌ని 3-2తో కొట్టిందీ అద్దెకున్నప్పుడే. మరి సొంతింటికి వచ్చాక? 2019లో కిందికి దిగారు, ఇంకా పైకి రాలేదు. అద్దె ఇంట్లో పైకప్పు కారితే ఓనర్‌కి ఫోన్ చేస్తాం. సొంతింట్లో ఎవరికి చేస్తాం?

గచ్చిబౌలి గ్యాలరీ
అన్నా, మీరు లెక్కలు చూస్తున్నారు, మేం క్లబ్బునే పోగొట్టుకున్నాం. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచింది. కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. చాంపియన్ అయిన ఏడాది మా ఊళ్లో ఒక్క మ్యాచ్ చూడలేదు మేము. 2025లో క్లబ్‌ని ఢిల్లీ పట్టుకుపోయారు, పేరు కూడా మార్చేశారు. మమ్మల్ని ఒక్కమాట అడిగిన పాపాన పోలేదు.

గచ్చిబౌలి స్టేడియం ప్రభుత్వానిది. క్లబ్‌కి అక్కడున్నవి బంతులు, జెర్సీలు, బోర్డులు. అవి సర్దుకోవడానికి ఎంతసేపు? మోస్టన్‌లో జనం నిలబడి చూసే మెట్లు సిమెంటు పోసి కట్టారు. వాటిని ఏ లారీలో ఎక్కిస్తారు?

పాత పుణె
ఒక్క మాట. ఆ క్లబ్ హైదరాబాద్‌కి వచ్చిందే 2019లో ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడితే, ఆ ఖాళీలోకి. అప్పుడు మా గురించి మీ ఊళ్లో ఎవరూ ఏడ్చినట్టు గుర్తులేదు.

గచ్చిబౌలి గ్యాలరీ
ఒప్పుకుంటాను. అప్పుడు ఎగిరి గంతేసిన వాళ్లలో నేనూ ఉన్నాను.

బ్యాక్‌పాస్
గ్రౌండ్ ఉంటే క్లబ్‌కి ఢోకా లేదనడం కూడా భ్రమే. పక్కనున్న బరీనే చూడండి. 1885 నుంచి గిగ్ లేన్‌లో ఆడిన క్లబ్. సొంత గ్రౌండ్ ఉండి ఏం లాభం? దాన్నే తాకట్టు పెట్టి అప్పులు తెచ్చారు. 2018 డిసెంబర్‌లో క్లబ్ ఒకే ఒక్క పౌండుకి చేతులు మారింది. 2019 ఆగస్టులో లీగ్ నుంచే గెంటేశారు. అభిమానులు మళ్లీ డబ్బులు కూడగట్టి గ్రౌండ్‌ని కొనుక్కునేసరికి 2022 వచ్చింది.

కాబట్టి చూడాల్సింది సంతకం ఎవరి చేతిలో ఉందన్నది. ఎఫ్‌సీ యునైటెడ్‌లో సభ్యులకి ఓటుంది, అది చాలు. గ్రౌండ్ ఉన్నా లేకపోయినా ఒకటే.

గచ్చిబౌలి గ్యాలరీ
అదే కథని ఇంకోవైపు నుంచి చూడండి. ఎఫ్‌సీ యునైటెడ్ 2014లో గిగ్ లేన్ ఖాళీ చేయకపోయి ఉంటే? 2019లో ఓనరైన బరీ క్లబ్‌నే లీగ్ నుంచి గెంటేసి గేటుకి తాళం పడ్డప్పుడు అద్దెకున్నవాళ్ల గతి ఏంటి? పైకప్పు కారితే ఓనర్‌కి ఫోన్ చేస్తాం అన్నారు చిట్టా గారు. ఓనరే లేకుండా పోతే ఎవరికి చేస్తారు?

చిట్టా ఆవర్జా
ఈ పాయింట్ నాకు తట్టలేదు. బాగుంది.

అయినా పూర్తిగా ఒప్పుకోను. గ్రౌండ్ తెరిచి ఏడాది తిరిగేసరికి బోర్డులో రాజీనామాలు, సభ్యుల మధ్య తగాదాలు, మొదటి నుంచీ ఉన్న జనరల్ మేనేజర్ తప్పుకోవడం. అప్పున్న ఇంట్లో అన్నదమ్ముల మాటలు ఎట్లా ఉంటాయో అట్లాగే. సభ్యులు ఓటేసుకునే క్లబ్‌కి నెల తిరిగేసరికి కట్టాల్సిన బిల్లులు నెత్తిన పడితే, ఓటింగ్ కంటే బిల్లు కలెక్షనే ముఖ్యమైపోతుంది.

గట్టుమీద గడ్డి
ఇంతమంది మాట్లాడారు, మోస్టన్ జనం ఊసు ఒక్కరూ ఎత్తలేదు. వీళ్లు మొదట అనుకున్నది న్యూటన్ హీత్‌లోని టెన్ ఏకర్స్ లేన్. 2011లో కౌన్సిల్ డబ్బుల్లేవని వెనక్కి తగ్గాక మోస్టన్‌లోని ఆటస్థలాల మీదికి వచ్చారు. చుట్టుపక్కలవాళ్లు వద్దని కోర్టుదాకా వెళ్లి ఓడిపోయారు. గ్లేజర్లు తమ మాట వినలేదని అలిగి బయటికొచ్చినవాళ్లు, ఆ వీధివాళ్ల మాట ఎంత విన్నారు?

నాకు ఇది ఊరికే వచ్చిన కోపం కాదు. వరంగల్‌లో మా కాలనీకి ఒక గ్రౌండ్ ఉండేది. పొద్దున నడక, సాయంత్రం క్రికెట్, బతుకమ్మ ఆడేదీ అక్కడే. ఒక అకాడమీవాళ్లు లీజుకు తీసుకుని గడ్డి పరిచి, లైట్లు పెట్టి, గేటు వేసేశారు. ప్రారంభోత్సవానికి మమ్మల్నే పిలిచి లడ్డూలు కూడా పంచారు. మర్నాడు నడకకి వెళ్తే వాచ్‌మన్ కార్డు అడిగాడు.

మాంచెస్టర్ మబ్బు
గడ్డి గారూ, మీ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదండి. అక్కడ మోస్టన్ జూనియర్స్ పిల్లలు కూడా ఆడతారు, అంతవరకు చెప్పగలను. కానీ కుక్కని తిప్పడానికి వచ్చే మనిషికి అది సమాధానం కాదని నాకూ తెలుసు.

నిన్న మళ్లీ మ్యాచ్‌కి వెళ్లాను. వాన. నేను నిలబడే మెట్లలో కొన్ని నార్త్‌విచ్ విక్టోరియా అనే పాత క్లబ్ వదిలేసిన డ్రిల్ ఫీల్డ్ గ్రౌండ్ నుంచి తెచ్చి అమర్చినవట. ఇల్లు పోగొట్టుకున్నవాళ్ల మెట్ల మీద నిలబడి ఈ గొడవ గురించి ఆలోచిస్తుంటే అదోలా అనిపించింది.

హాఫ్‌టైమ్‌లో "క్లబ్ పోయింది" అన్న పెద్దాయనే మళ్లీ నా ముందు. ధైర్యం చేసి, మీకూ షేర్లున్నాయా అని అడిగాను. ఉన్నాయన్నాడు. ఆ డబ్బు వెనక్కి ఇమ్మని క్లబ్‌కి ఎప్పుడైనా రాశారా అన్నాను. నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి తల అడ్డంగా ఊపాడు. ఇంతలో లైన్ కదిలింది.