బండీపుర రోడ్డులో ఏనుగుల కోసం కారు ఆపితే అంత నేరమా?

మూర్తి_మారతహళ్ళి
పోయిన శనివారం ఊటీ బయలుదేరాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మ. తెల్లవారుజామున 4కి బెంగళూరు మారతహళ్ళిలో కదిలి, నంజనగూడులో టిఫిన్ చేసి, గుండ్లుపేట దాటి బండీపుర అడవిలోకి వచ్చేసరికి 9 అయింది. దుప్పులు ఎన్ని కనబడ్డాయంటే పిల్లలు లెక్కపెట్టడం మానేశారు. కొండముచ్చులు, నెమళ్ళు, ఒక ముంగిస. తర్వాత ఎడమ పక్క పొదల్లో ఏనుగులు. ఐదో ఆరో ఉంటాయి, వాటిలో ఒక చిన్నది.

కారు పక్కకు తీసి ఆపాను. అద్దాలు దించలేదు, హారన్ కొట్టలేదు, ఎవరూ దిగలేదు, ఇంజను ఆన్‌లోనే ఉంది. 2 నిమిషాలు, అంతే. వెనక ఒక తెల్ల బండి వచ్చి ఆగింది. అందులోంచి ఒకాయన దిగి (అవును, దిగింది ఆయనే!) నా అద్దం మీద కొట్టి, "బోర్డు చదవడం రాదా, చదువుకున్నవాళ్ళేనా" అని అమ్మ ముందు, పిల్లల ముందు అరిచాడు. అదీ తెలుగులో. ఊటీ చేరేదాకా కారులో ఎవరూ మాట్లాడలేదు.

వన్యప్రాణుల మధ్య నుంచి రోడ్డు వేసి, కళ్ళు మూసుకుని వెళ్ళమంటే ఎలా? మీరే చెప్పండి.

అడవిపిచ్చి
తప్పే. ఆ రోడ్డులో ఆపొద్దని కన్నడ, ఇంగ్లిషు, తమిళం మూడింట్లో బోర్డులున్నాయి. బండీపుర 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైనప్పుడు ఎంచుకున్న తొలి 9 పులుల అభయారణ్యాల్లో ఒకటి. 2022 లెక్కలో అక్కడ 150 పులులు, 2023 లెక్కలో 1,116 ఏనుగులు. మీరు వెళ్ళింది పార్కులోంచి పోయే రోడ్డులో, పార్కు చూపించడానికి వేసిన రోడ్డులో కాదు. చూడాలంటే సఫారీ ఉంది.

ఇంకొక మాట. "2 నిమిషాలు" అని అందరూ అంటారు. ఆ రోడ్డులో 2 నిమిషాలు ఆగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

శ్రావణి_కెఆర్‌పురం
ఆ వెనక తెల్ల బండి అడవిపిచ్చి గారిది కాదు కదా 😀

అడవిపిచ్చి
కాదు. శనివారం ఆఫీసులో ఉన్నాను. నా బండి నీలం.

మూర్తి_మారతహళ్ళి
సార్, 2 నిమిషాలంటే 2 నిమిషాలే. మా పెద్దాడు వీడియో తీశాడు. కావాలంటే పెడతాను.

పలమనేరు_రెడ్డెప్ప
ఏనుగుల్ని చూడ్డానికి ఊటీ రోడ్డు దాకా ఎందుకండీ, మా ఊరు రండి. టికెట్టు లేదు, బోర్డు లేదు. కౌండిన్య అడవి పక్కనే మా పొలం. రెండేళ్ళ కిందట కోతకు వచ్చిన వరి ఒక్క రాత్రిలో పోయింది. తిన్నది కొంత, తొక్కింది అంతా. మా నాయన అరవై ఎనిమిదేళ్ళ వయసులో మంచె మీద పడుకుని డబ్బాలు కొట్టేవాడు, టపాకాయలు పేల్చేవాడు. నేనేమో ఇక్కడ ఎలక్ట్రానిక్ సిటీలో ఏసీలో కూర్చుని ఆ ఫోన్లు వినేవాణ్ణి. 2025 మేలో కర్ణాటకవాళ్ళు మనకు నాలుగు కుంకీ ఏనుగుల్ని (అడవి ఏనుగుల్ని తరమడానికి శిక్షణ ఇచ్చినవి) ఇచ్చారంటే మా ఊళ్ళో స్వీట్లు పంచారు. మీరు ఆపారా, ఎంతసేపు ఆపారా అని కొట్టుకుంటున్నారు. నాకు నవ్వొస్తోంది.

అడవిపిచ్చి
రెడ్డెప్ప గారూ, మీ బాధ నిజమే. కానీ ఇక్కడి విషయం వేరు.

పలమనేరు_రెడ్డెప్ప
ఏనుగు అదే కదండీ. విషయం వేరెలా అయింది?

సీను_క్యాబ్
అన్నా, నేను వారానికి రెండుసార్లు ఆ రోడ్డు తొక్కుతాను, బొమ్మనహళ్ళి నుంచి ఫ్యామిలీలను తీసుకుని. ఎక్కిన ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే, "ఏనుగు కనబడితే ఆపు బాబూ". ఆపను. స్లో చేస్తాను, 20లో పోతాను, చూడమంటాను. ఆపితే ఏమవుతుందో చెప్తాను వినండి. నేను ఆపితే వెనకోడు ఆపుతాడు. ఎదురుగా వచ్చేవాడు నేనేం చూస్తున్నానో చూడ్డానికి ఆపుతాడు. ఐదు నిమిషాల్లో రెండు పక్కలా బండ్లు. మధ్యలో దాటాల్సిన ఏనుగుకు సందు ఉండదు.

అసలు డేంజరు సాయంత్రం. రాత్రి 9కి గేటు వేస్తారు, మళ్ళీ పొద్దున 6కే. 2009 నుంచి ఇదే రూలు, మరుసటి ఏడాది హైకోర్టు కూడా సరే అంది. కాబట్టి ఊటీ నుంచి లేటుగా బయలుదేరినవాళ్ళంతా 8 దాటాక అడవిలో గాలిలా పోతారు, గేటు దొరకదని. చీకట్లో, జంతువులు రోడ్డు పక్క గడ్డికి వచ్చే వేళ అది. కారు ఆపినోడి కన్నా నాకు వాళ్ళంటేనే భయం. రోడ్డు మీద దుప్పిని చూశాను ఒకసారి. ఇంకా వెచ్చగా ఉంది.

కర్నూలు_బాబ్జి
శ్రీశైలం రోడ్డు కూడా ఇంతే. మన్ననూరు గేటు 9కి పడుతుంది. మా మామయ్య 9:05కి చేరి తెల్లారేదాకా కారులోనే పడుకున్నాడు. ఇప్పటికీ తిడతాడు.

సుజాత_బేగూరు
రోడ్డు పక్కకే ఎందుకొస్తాయి మరి? లోపల అంత అడవి ఉంది కదా.

అడవిపిచ్చి
మంచి ప్రశ్న. లోపల చాలా చోట్ల లాంటానా అనే కలుపు పొద అల్లుకుపోయింది, దాని కింద గడ్డి మొలవదు. రోడ్డుకు రెండు పక్కలా పొదలు కొట్టేసి శుభ్రం చేస్తారు, వెలుగు పడుతుంది, వాన పడగానే లేత గడ్డి వస్తుంది. అందుకే దుప్పులు అక్కడ మేస్తాయి. మనల్ని పలకరించడానికి కాదు. కోతుల సంగతి వేరు, వాటికి చిప్స్ వేసి రోడ్డుకు అలవాటు చేసింది మనమే. మూర్తి గారి పిల్లలు ఏమైనా వేశారేమో అడగండి.

మూర్తి_మారతహళ్ళి
మా పిల్లలు ఏమీ వేయలేదు! మీకు ఎలా తెలుసని రాస్తారు ఇలా? ఇదిగో వీడియో, పైన పెట్టాను. చూసుకోండి, ఒక్క అద్దమైనా దిగిందేమో.

అడవిపిచ్చి
చూశాను. వీడియో 6 నిమిషాల 40 సెకన్లు.

శ్రావణి_కెఆర్‌పురం
😶

మూర్తి_మారతహళ్ళి
అందులో ఆగకముందు నడిపింది కూడా ఉంది.

అడవిపిచ్చి
కారు కదులుతున్నది మొదటి 25 సెకన్లు. ఆ తర్వాత కదల్లేదు. చివరికి అద్దం మీద చెయ్యి పడుతుంది, అక్కడితో ఆగిపోయింది. అంటే 6 నిమిషాల పైనే. ఈ ఒక్క విషయం ఒప్పుకోండి, మిగతావి తర్వాత మాట్లాడదాం.

కర్నూలు_బాబ్జి
అయ్యా, ఆయన స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్నాడా అక్కడ? వదిలేయండి.

అడవిపిచ్చి
వదిలేది లేదు. 2 నిమిషాలని మూడుసార్లు రాశారు.

మూర్తి_మారతహళ్ళి
సరే, 6 నిమిషాలే అనుకోండి. మీ సఫారీ జీపులు ఎంతసేపు ఆగుతాయి? పులి కనబడితే వైర్‌లెస్‌లో ఒకరికొకరు చెప్పుకుని, నాలుగు జీపులు చుట్టూ చేరి, అరచేయంత లెన్సులు పెట్టి అరగంట నిలబడరా? మీ ప్రొఫైల్ ఫోటోలో ఉన్న పులి మీ వైపే చూస్తోంది. దాన్ని ఎంతసేపు ఆపారు? మీ జీపు ఆగితే అడవి మీద ప్రేమ, నా ఆల్టో ఆగితే నేరం.

అడవిపిచ్చి
పోలిక తప్పు. సఫారీకి ఎన్ని బండ్లు, ఏ దారి, ఏ టైము అన్నీ లెక్క. 2012లో సుప్రీంకోర్టు పులుల అభయారణ్యాల కోర్ ఏరియాల్లో (నడిమి అడవిలో) టూరిజం మొత్తం ఆపేసింది, గుర్తుందా? కేంద్రం మార్గదర్శకాలు తెచ్చాకే అక్టోబరులో మళ్ళీ తెరిచారు. కోర్‌లో 20 శాతానికి మించి టూరిస్టులకు ఇవ్వకూడదని అందులో ఉంది. జీపులు గుమిగూడడం నాకూ నచ్చదు, చాలాసార్లు డ్రైవర్‌ను వెనక్కి తీయమన్నాను. కానీ హైవేకి లెక్క లేదు కదా. రోజూ వేల బండ్లు. ప్రతి ఒక్కరూ "నేను ఒక్కణ్ణే కదా" అనుకుంటే?

పిల్లలకు ఏనుగుల్ని చూపించాలంటే మీకు బన్నేరుఘట్ట పక్కనే ఉంది. బస్సులో కూర్చోబెట్టి చూపిస్తారు. పులి, సింహం, ఎలుగుబంటి అన్నీ గ్యారంటీ.

మూర్తి_మారతహళ్ళి
ఇదీ అసలు మాట. వచ్చింది బయటికి.

నీకు అసలైన అడవి. మాకు కంచె వెనకది. అంతేగా? నువ్వు రిసార్టులో రెండు రాత్రులుండి, పొద్దునో సఫారీ, సాయంత్రమో సఫారీ చేసి, ఫోటోకు లైకులు తెచ్చుకుంటావు. నేను ఐదుగురిని తీసుకుని వెళ్ళాలంటే ఆ రిసార్టు ఒక్క రాత్రి బిల్లుకు నా కారు ఈఎంఐ పోతుంది. అమ్మకు నడుం ఆపరేషన్ అయింది, ఆ గతుకుల్లో సఫారీ బస్సు ఎక్కలేదు. ఆమె జన్మలో అడవి ఏనుగును చూడలేదు. పెళ్ళి కాకముందు వాళ్ళ ఊళ్ళో గుడి ఏనుగును చూసిందట, గొలుసుతో కట్టేసినదాన్ని. "గొలుసు లేకుండా ఎలా నడుస్తుందిరా" అని దారి పొడుగునా అడుగుతోంది. అందుకు ఆపాను. 6 నిమిషాలు ఆపాను. ఇంకో 6 నిమిషాలైనా ఆపేవాణ్ణి. చాలా?

మోడరేటర్
నువ్వు, నీకు వద్దు. గారు అనండి, లేదా ఏమీ అనకండి. చర్చ మూసేయాల్సి వస్తుంది.

సుజాత_బేగూరు
మూర్తి గారూ, మీ అమ్మగారి మాట చదివి నాకు మా అత్తగారు గుర్తొచ్చారు. కానీ ఒక మాట అడగనా. ఏనుగు మీ కారు వైపు వచ్చి ఉంటే ఏం చేసేవారు? పిల్లలున్నారు కదా. వీడియోలో చూస్తే వెనక బండి, ముందు బస్సు.

మూర్తి_మారతహళ్ళి
రాలేదు కదమ్మా.

పలమనేరు_రెడ్డెప్ప
మా ఊళ్ళో కూడా అందరూ అదే అంటారు, వచ్చేదాకా.

నాకు అర్థం కానిదల్లా ఇది. సఫారీ ఆయనకు అడవి కావాలి, మూర్తి గారికి అడవి కావాలి. ఇద్దరికీ సాయంత్రానికి ఇల్లుంది. అడవి పక్కనున్నవాణ్ణి ఒక్కరూ అడగరు.

అడవిపిచ్చి
రెడ్డెప్ప గారి మాటకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను.

మూర్తి గారూ, రిసార్టు సంగతి. నేను ఇప్పటివరకు రిసార్టులో ఒక్కసారే ఉన్నాను, ఆఫీసువాళ్ళు తీసుకెళ్ళారు. మిగతా అన్నిసార్లూ గుండ్లుపేట లాడ్జిలో దిగి, పొద్దున సఫారీ టికెట్టు కోసం క్యూలో నిలబడ్డాను. అది సరే. బన్నేరుఘట్ట మాట మిమ్మల్ని తక్కువ చేయడానికి అనలేదు, కానీ చదివితే అలాగే ఉంది. వెనక్కి తీసుకుంటున్నాను. అయితే మీ వీడియోను ఇంకోసారి చూడండి, టైము కోసం కాదు. సుమారు 2 నిమిషాల దగ్గర పెద్ద ఆడ ఏనుగు రోడ్డు దాటి కుడి పక్కకు వెళ్ళింది. వెనకే ఇంకో రెండు దాటాయి. చిన్నది ఎడమ పక్క పొదలోనే ఉండిపోయింది. అదే సమయానికి ఎదురుగా బస్సు వచ్చి ఆగింది. మీ కారుకు, బస్సుకు మధ్య సందు ఎంతుందో చూడండి. 3 నిమిషాల తర్వాత తల్లి ఇటు తిరిగింది, చెవులు విప్పి నిలబడింది, కాలితో మట్టి గీకుతోంది. మీ అబ్బాయి "హాయ్ చెప్తోంది నాన్నా" అంటున్నాడు.

అది హాయ్ కాదండీ.

సీను_క్యాబ్
ఇప్పుడే చూశాను. నిజమే సార్. ఇలాంటప్పుడు మెల్లగా వెనక్కి రావాలి, హారన్ కొట్టొద్దు, లైట్లు వేయొద్దు. కానీ వెనకాయన అంటుకుని ఆపాడు కదా, వెనక్కి ఎట్లా వస్తారు? పైగా ఆయన బండి దిగి నడిచాడు, ఏనుగు అలా నిలబడి ఉండగా! మిమ్మల్ని చదువుకోనివాడని తిట్టినాయన చేసింది అన్నిటికన్నా పెద్ద తప్పు.

ఈ లెక్కన తమిళనాడు సత్యమంగళం అడవిలో ఆసనూరు రోడ్డు చూడాలి మీరు. కారపళ్ళం చెక్‌పోస్టు దగ్గర చెరకు లారీల కోసం ఏనుగులు రోడ్డు మీదే నిలబడతాయి. ఒకప్పుడు డ్రైవర్లు నాలుగు గడలు కింద పడేసేవాళ్ళు పాపం అని. ఇప్పుడు లారీ కనబడితే కదలవు. అదే దారిలోని దింబం ఘాట్‌లో 2022 ఫిబ్రవరి నుంచి రాత్రిపూట బండ్లు బంద్.

కర్నూలు_బాబ్జి
ఇంతకీ మసినగుడి నుంచి కల్హట్టి ఘాట్ మీదుగా పైకి ఊటీకి వదులుతున్నారా? వచ్చే వారం వెళ్దామనుకుంటున్నాం.

సీను_క్యాబ్
ఎక్కడానికి పర్లేదు, 36 హెయిర్‌పిన్‌లు, ఫస్ట్ గేర్‌లో పోండి. దిగడానికి గూడలూరు మీదుగా రండి. ఊటీకి ఈ-పాస్ ముందే తీసుకోండి.

మూర్తి_మారతహళ్ళి
వీడియో మళ్ళీ చూశాను. సందు తక్కువే ఉంది. కానీ బస్సు తర్వాత వచ్చింది, నేను ముందే ఆగి ఉన్నాను, అది గమనించండి.

అమ్మకు టీవీలో పెట్టి చూపించాను. నాలుగుసార్లు వెనక్కి పెట్టించింది. చిన్నది దాటిందా లేదా అని అడుగుతోంది. వీడియోలో అంతవరకు లేదు.

సీను_క్యాబ్
దాటే ఉంటుందని చెప్పండి సార్. మనం కదిలాక దాటుతాయి.