గేర్ లాక్ జామ్ అయితే బాధ్యత ఎవరిది, షోరూమ్‌దా కంపెనీదా?

కృష్ణలంక కుర్రాడు:
కారు కొన్నప్పుడు యాక్సెసరీస్ ప్యాకేజీ అని చెప్పి షోరూమ్ వాళ్లు గేర్ లాక్ (గేర్ రాడ్ కదలకుండా పట్టే తాళం) అంటగట్టారు. మొన్న విజయవాడ బస్టాండ్ పార్కింగ్‌లో తాళంచెవి సగం తిరిగి ఆగిపోయింది, అటూ పోదు ఇటూ రాదు. బండేమో రివర్స్‌లో లాకై ఉంది. షోరూమ్‌కి చేస్తే "అది మా ప్రోడక్ట్ కాదు సార్" అన్నారు. లాక్ కంపెనీకి చేస్తే కీ నంబరున్న కార్డు అడిగారు. అసలు ఆ కార్డు నాకెవరూ ఇవ్వనే లేదు. ఆర్‌సీ పంపిస్తానన్నా అదే పాట. చివరికి రోడ్డు పక్కన తాళాలు బాగుచేసే ఆయనొచ్చి కాసేపట్లో ఊడదీసి 800 పట్టుకెళ్లాడు. ఫిట్టింగే సరిగా లేదంట. కొత్త లాక్ ఎవరివ్వాలి?

మెకానిక్ బాబాయ్:
ముందిది చెప్పు. అందులో నూనె పోశావా?

కృష్ణలంక కుర్రాడు:
బిగుతుగా తిరుగుతోందని కొబ్బరి నూనె రెండు చుక్కలు వేశా. అయితే ఏంటి? ఇంట్లో బీరువాకీ అదే వేస్తాం.

మెకానిక్ బాబాయ్:
అయితే ఇంకేం కావాలి. నూనె దుమ్మును పట్టేస్తుంది, అది లోపలి పిన్నుల దగ్గర జిగురులా పేరుకుంటుంది, ఎండలో పెట్టిన కార్లో ఇంకా తొందరగా. తాళానికి వేయాల్సింది గ్రాఫైట్ పొడి. ఇంకోటి, రివర్స్‌లో లాకైనా క్లచ్ తొక్కిపట్టి ఇద్దరు నెడితే బండి కదులుతుంది. అంత గోల అక్కర్లేదు.

సెకండ్ గేర్:
నెట్టడం ఎందుకు బాబాయ్, స్టార్ట్ చేసి రివర్స్‌లోనే కృష్ణలంక దాకా వెళ్లిపోవచ్చుగా 😂

కృష్ణలంక కుర్రాడు:
నేనడిగిందేంటి, మీరు చెప్పేదేంటి? నెట్టుకుంటూ ఇంటికి పోవడానికా డబ్బులు కట్టింది?

నిజాంపేట వాసి:
కంపెనీ కార్డు అడగడం నాకు తప్పనిపించలేదండీ. మా తమ్ముడి కారు అపార్ట్‌మెంట్ ముందే పోయింది. క్లెయిమ్‌కి వెళ్తే ఒరిజినల్ తాళాలు రెండూ తెమ్మన్నారు, ఒకటి ఎప్పుడో పోయింది, ఇక వాడు తిరగని ఆఫీసు లేదు. ఫోన్లో పేరు చెప్పగానే తాళం ఇచ్చేసే కంపెనీ లాక్ మీరైతే కొంటారా?

కృష్ణలంక కుర్రాడు:
తాళం ఎవరడిగారండీ? మనిషిని పంపమన్నా. బండి, ఆర్‌సీ, నేను, ముగ్గురం అక్కడే ఉన్నాం, వచ్చి చూసుకోమన్నా. నన్ను దొంగలా ప్రశ్నలేశారు, రోడ్డు మీదాయనేమో ఒక్క ప్రశ్న అడక్కుండా తీసేశాడు. ఇక ఆ సెక్యూరిటీ ఎవరి నుంచి?

సెకండ్ గేర్:
ఇది పాయింటే.

మెకానిక్ బాబాయ్:
ఏ లాకైనా దొంగకు ఆలస్యం చేస్తుంది, అంతే. నూనె పోసి పాడుచేసుకుని...

కృష్ణలంక కుర్రాడు:
మళ్లీ నూనె! మీకు ఆ కంపెనీలో వాటా ఏమైనా ఉందా బాబాయ్?

మెకానిక్ బాబాయ్:
వాటా కాదు, పదేళ్లు షోరూమ్‌లో ఈ లాకులు బిగించిన చెయ్యి నాది. కస్టమర్ వచ్చి "ఫిట్టింగ్ సరిగా లేదు" అంటాడు, మేనేజర్ తల ఊపుతాడు, నెలాఖరున నా జీతంలో కోత. నువ్వూ రాశావుగా ఆ మాట, పైన. ఎవడో రోడ్డు మీద చెప్పాడని. కార్డు లాకు డబ్బాలోనే వస్తుంది. మేం బిగించాక డబ్బా డెలివరీ టేబుల్ మీదకి పోతుంది. ఆ తర్వాత కార్డు నీ చేతికి రాలేదంటే ఫిట్టర్ని అడుగుతావా?

కృష్ణలంక కుర్రాడు:
మరి అది మొదటే చెప్పొచ్చుగా. మీరూ తప్పు షోరూమ్‌దే అంటున్నారు.

మెకానిక్ బాబాయ్:
కార్డు తప్పు వాళ్లది. జామ్ అయింది నూనెకే.

నిజాంపేట వాసి:
1915కి ఫోన్ చేయండి, వినియోగదారుల హెల్ప్‌లైన్. వాళ్లతో తేలకపోతే జిల్లా కమిషన్‌లో వేయొచ్చు, 5 లక్షల లోపు కొన్న వస్తువుకి ఫీజు కూడా ఉండదు. బిల్లు ఎవరిచ్చారో వాళ్ల మీద.

కృష్ణలంక కుర్రాడు:
బిల్లులో "యాక్సెసరీస్ కిట్ 1" అని ఉంది, అంతే. లాక్ అన్న మాటే లేదు.

మెకానిక్ బాబాయ్:
ఇన్సూరెన్స్ కూడా వాళ్లే చేయించారా? అయితే పాలసీ తీసి చూడు. ఏఆర్‌ఏఐ (వాహనాలను పరీక్షించే సంస్థ) ఆమోదమున్న యాంటీ థెఫ్ట్ లాక్ ఉంటే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే మన బండికి జరిగే నష్టం కోసం కట్టే భాగంలో, రెండున్నర శాతం తగ్గిస్తారు, గరిష్ఠంగా 500. అది పడి ఉంటే లాక్ బిగించినట్టు కాగితం మీద ఉన్నట్టే.

కృష్ణలంక కుర్రాడు:
చూశా. ఆ గడిలో సున్నా.

మెకానిక్ బాబాయ్:
డెలివరీ రోజు ఫొటోలు దిగి ఉంటావుగా. లోపల గేర్ దగ్గర లాక్ కనిపించేది ఒకటి వెతుకు. నూనె సంగతి మాత్రం ఫిర్యాదులో రాయకు.