ఎండాకాలంలో ఆపిల్ పై: అడుగు పచ్చిగా, పైభాగం గట్టిగా వస్తోంది. తేడా ఎక్కడ?

ప్రశ్న

అందరికీ నమస్కారం. 28 లీటర్ల ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్), 20 సెంటీమీటర్ల గాజు పళ్లెంలో ఆపిల్ పై, అంటే పిండి పొరల మధ్య ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చే వంటకం, చేస్తున్నాను. రెండు కప్పుల మైదాలో అర కప్పు కరిగిన నెయ్యి పోసి, నీళ్లతో చపాతీ పిండి కలిపినట్టే మెత్తగా కలిపాను. 180 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు పెట్టాను. పైన రంగు బాగానే వస్తోంది కానీ నమిలితే గట్టిగా ఉంటోంది. అడుగున పచ్చిపిండి వాసన. కోయగానే రసమంతా కారిపోతోంది. వాడినవి సిమ్లా ఆపిల్స్. మధ్యాహ్నం మా వంటింట్లో 37, 38 డిగ్రీల వేడి ఉంటుంది. ఏం మార్చాలో చెప్పండి.

మొదటి జవాబు

ఇందులో మూడు వేర్వేరు ఇబ్బందులున్నాయండీ. ముందు పిండి సంగతి చూద్దాం, అసలు చిక్కు అక్కడే ఉంది.

కజ్జికాయలకు మైదాలో వేడి నెయ్యి పోసి, బాగా మర్దించి, తడిగుడ్డ కప్పి ఉంచుతాం. ఆపిల్ పై క్రస్ట్‌కు, అంటే ఆ పిండి పొరకు, ఇదంతా తలకిందులు. వెన్న గట్టిగా, ముక్కలు ముక్కలుగా పిండిలో మిగలాలి. ఓవెన్ వేడికి ఆ ముక్కలు కరిగినచోట ఖాళీ ఏర్పడుతుంది. బజార్లో దొరికే బటర్‌లో సుమారు 16 శాతం నీరుంటుంది, అది ఆవిరై పిండిని పైకి లేపుతుంది. పొరలు వచ్చేది అలాగే. కరిగిన నెయ్యి పిండంతా పాకిపోతుంది, అందులో నీరూ ఉండదు, కాబట్టి పొరలకు ఆస్కారమే లేదు. దానికి తోడు నీళ్లుపోసి పిసికితే మైదాలో సాగుడు పెరుగుతుంది. మీకు గట్టిపడటానికి కారణం అదే.

అడుగు పొర, పైన కప్పే పిండి మూత రెండూ ఉన్న 20 సెంటీమీటర్ల ఆపిల్ పైకి 300 గ్రాముల మైదా, 200 గ్రాముల బటర్, 80 నుంచి 100 మిల్లీలీటర్ల ఐసు నీళ్లు సరిపోతాయి. కప్పులతో కాకుండా తూకం వేసుకోండి. మైదా కప్పులో నొక్కి పోస్తే ఒక లెక్క, వదులుగా పోస్తే ఒక లెక్క. ఉప్పు కలిసిన బటర్ అయితే వేరే ఉప్పు వద్దు. ఇంట్లో చిలికిన వెన్నలో నీరు ఎంత ఉంటుందో చెప్పలేం, మొదటిసారికి దాన్ని పక్కన పెట్టండి.

బటర్ 32, 35 డిగ్రీల మధ్య పూర్తిగా కరిగిపోతుంది. మీ వంటిల్లు అంతకంటే వేడిగా ఉంది. అందుకే తెల్లవారుజామునో, రాత్రి పొద్దుపోయాకో పిండి కలపండి. మైదాను, గిన్నెను, అప్పడాల కర్రను కూడా అరగంట ఫ్రీజర్‌లో పెట్టండి. బటర్ గడ్డకట్టాక కొబ్బరి తురిమినట్టు తురిమి మైదాలో వేసి వేలికొసలతో కలపండి. అరచేయి తగలనివ్వకండి, దాని వేడికే కరిగిపోతుంది. ఇక్కడో ఆనవాలు: కొంత రవ్వలా, కొంత బఠాణీ గింజంత ముక్కలుగా తెల్లగా కనబడుతుంటే అక్కడితో ఆపేయాలి. పసుపుపచ్చగా తిరిగి వేళ్లకు జిడ్డు అంటుతుంటే గిన్నెతో సహా ఫ్రిజ్‌లో పెట్టేసి పావుగంట ఆగండి.

నీళ్లు ఒక్కో చెంచా చొప్పున చల్లుకుంటూ వెళ్లండి. గుప్పిట్లో నొక్కితే ముద్దగా నిలవాలి, అంచుల్లో కాస్త పొడిపొడిగా ఉన్నా ఫర్వాలేదు. మునివేళ్లతో దగ్గరికి నొక్కి, అడుగుకి కొంచెం పెద్దది, మూతకి కొంచెం చిన్నది, రెండు బిళ్లలు చేసి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి. తరువాత 3 మిల్లీమీటర్ల మందాన వత్తుకోండి. పళ్లెంలో పరిచేటప్పుడు సాగదీయకండి, లాగినంత మేరా ఓవెన్‌లో వెనక్కి ముడుచుకుపోతుంది.

రెండో జవాబు

అడుగు గురించి నేను చెబుతాను. 180 డిగ్రీలు మొదట్లో చాలవు. కింది రాడ్, పై రాడ్ రెండూ వేసి 220 దగ్గర కనీసం 20 నిమిషాలు ఓవెన్ వేడెక్కనివ్వండి. ఖాళీ ట్రే ఒకటి కింది అరలో ముందే ఉంచి, పైని ఆ కాగిన ట్రే మీద పెట్టండి. 220లో 20 నిమిషాలు, తరువాత 180లో 35 నుంచి 45 నిమిషాలు. పైన రంగు ముందే వచ్చేస్తే ఫాయిల్ కప్పండి. చిన్న ఓటీజీలో పై రాడ్ మరీ దగ్గరగా ఉంటుంది కాబట్టి పైన మాడి కింద పచ్చిగా ఉండటం మామూలే. ఓవెన్‌లో పెట్టే థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. డయల్ మీది అంకె, లోపలి వేడి చాలా ఓవెన్లలో కలవవు.

గాజు పళ్లెం బదులు అల్యూమినియం కేకు టిన్ను వాడండి, అది త్వరగా వేడెక్కుతుంది. పైగా ఫ్రిజ్‌లోంచి తీసిన గాజును కాగిన ట్రే మీద పెడితే పగిలిపోవచ్చు. ఇందులో సాహసం వద్దు.

ఇక రసం. సిమ్లా ఎర్ర ఆపిల్ తినడానికి బాగుంటుంది కానీ ఓవెన్‌లో మెత్తబడిపోతుంది. పుల్లగా ఉండే గ్రీన్ ఆపిల్ ముక్క నిలుస్తుంది. ఖర్చనుకుంటే సగం సగం వేయండి. 700 గ్రాముల కాయలు చెక్కు తీసి అర సెంటీమీటరు ముక్కలు తరిగి, 80 గ్రాముల పంచదార, ఒక చెంచా నిమ్మరసం కలిపి అరగంట చిల్లుల గిన్నెలో ఉంచండి. కారిన రసాన్ని సగమయ్యేదాకా మరగబెట్టి చల్లార్చాక ముక్కల్లో కలిపి, ఒకటిన్నర పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్, అర చెంచా దాల్చినచెక్క పొడి వేయండి. మూతకు నాలుగైదు గాట్లు పెట్టడం మరవకండి. ఆ గాట్లలోంచి రసం బుడగలు రావాలి. బుడగలు రాలేదంటే కార్న్‌ఫ్లోర్ ఉడకలేదన్నమాట, ఎంతసేపు ఆగినా అది చిక్కబడదు. దించాక మూడు నాలుగు గంటలు ఆగి కోయండి. వేడి మీద కోస్తే ఎంత బాగా చేసినా కారుతుంది.

మూడో జవాబు

నెయ్యిని పూర్తిగా కొట్టిపారేయకండి. పొరలు రావన్నది నిజమే. కానీ ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నెయ్యి 160 గ్రాములు, 300 గ్రాముల మైదాకు వాడితే క్రస్ట్ గుల్లగా వస్తుంది. నెయ్యిలో నీరుండదు కనుక ఐసు నీళ్లు ఒకట్రెండు చెంచాలు ఎక్కువ పడతాయి. మూత లేని పైలకు నాకు ఇదే ఇష్టం, రుచి వేరుగా ఉంటుంది. ఆపిల్ పైకి మాత్రం బటరే.

అడిగినవారు

చాలా థ్యాంక్సండీ, కారణాలతో సహా చెప్పారు. ఇదే పద్ధతిలో మామిడిపండుతో చేయొచ్చా? మైదాలో కొంత గోధుమపిండి కలపొచ్చా?

రెండో జవాబు ఇచ్చినవారు

మామిడి ముక్కలను మూత పెట్టి కాల్చకండి, పరిమళం పోతుంది. పిండి సగం చేసుకుని, టిన్నులో పరిచి, ఫోర్కుతో పొడిచి, అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. పైన బటర్ పేపర్ వేసి అంచుదాకా శనగలు నింపండి. 200 డిగ్రీల్లో 20 నిమిషాలయ్యాక శనగలు తీసేసి, 180లో ఇంకో 10, 12 నిమిషాలు, అడుగు లేత గోధుమరంగు వచ్చేదాకా. బరువు పెట్టకపోతే మధ్యలో ఉబ్బి అంచులు జారిపోతాయి. ఆ శనగలు వండుకోవడానికి పనికిరావు, సీసాలో పోసి మళ్లీ మళ్లీ ఇందుకే వాడుకోండి.

కాస్త గట్టిగా ఉన్న బంగినపల్లి ముక్కలు అరకిలో తీసుకోండి. అందులో సగం మెత్తగా చేసి, 50 గ్రాముల పంచదార, 25 గ్రాముల కార్న్‌ఫ్లోర్, ఒక చెంచా నిమ్మరసంతో పొయ్యి మీద కలుపుతూ ఉండండి. బుడగలు వచ్చాక ఒక్క నిమిషం ఉంచి దించేయాలి. పులుపుతో ఎక్కువసేపు మరిగితే మళ్లీ పలచబడుతుంది. మిగతా సగం ముక్కలు ఉడికించకుండానే కలిపి, చల్లారిన క్రస్ట్‌లో పోసి నాలుగు గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి. రసాల రకం మామిడిపండ్లతో ముక్కలు రావు. వాటి రసం 400 మిల్లీలీటర్లకు 35 గ్రాముల కార్న్‌ఫ్లోర్ పడుతుంది.

మొదటి జవాబు ఇచ్చినవారు

గోధుమపిండి మూడో వంతు వరకు కలపొచ్చు. మరపట్టించిన పిండి నీరు ఎక్కువ పీలుస్తుంది, ఒకటి రెండు చెంచాలు అదనంగా చల్లి ఇంకో పావుగంట ఆగండి. అంతకు మించితే క్రస్ట్ బరువెక్కుతుంది.

కొత్తవి ప్రయత్నించేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చండి. పిండి, కొవ్వు, పళ్లు అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల చెడిందో తెలియదు. పెద్ద టిన్నుతో పనేముంది, 60 గ్రాముల ముద్దను స్టీలు కటోరీలో పరిచి చూసుకోండి, ఎంత నష్టపోయినా అంతే.

కోడికూరతో చేయాలనుకుంటే ఎముకలు లేని ముక్కలే వాడండి. కూర ఇగురుగా దగ్గరపడాలి, పైకి తేలిన నూనె వంచేయాలి, పూర్తిగా చల్లారాకే క్రస్ట్‌లో పెట్టాలి. గోరువెచ్చగా పెట్టినా కింద బటర్ కరిగి, మీరు మొదట అడిగిన పచ్చి అడుగే మళ్లీ వస్తుంది.