ఘాట్ ఎక్కేటప్పుడే కారు ఆగిపోతోంది: పంపా, పైపులా, ట్యాంక్ మూతా?

మాది కడప. కారు 1998 మోడల్, 800 సీసీ పెట్రోల్, కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) ఉన్న బండి. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది, టౌన్‌లో ఎంత తిప్పినా పేచీ లేదు. రాయచోటి వైపు వెళ్తూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం, అదీ మిట్టమధ్యాహ్నం ఎండలో, రెండో గేర్‌లో జర్క్‌లు కొట్టి ఆగిపోతుంది. వెనక లారీల హారన్ మోత, ఆ టెన్షన్ వేరే.

బానెట్ ఎత్తి చూస్తే ప్లాస్టిక్ ఫిల్టర్ అడుగున కాస్త పెట్రోలు, పైనంతా బుడగలు. పంపు మీద తడిగుడ్డ వేసి ఓ అరగంట ఆగితే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతుంది. ట్యాంక్ మూత తీస్తే ఒకసారి 'స్‌స్' మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చింది, ఇంకోసారి రాలేదు. మూతలో గాలి దారి మూసుకుపోయిందా, వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరవుతోందా?

మెకానిక్ కార్బ్యురేటర్ మార్చేయమంటున్నాడు. నాకు నమ్మకం కుదరడం లేదు. దాంట్లో చెత్త ఉంటే టౌన్‌లోనూ సతాయించాలి కదా! రబ్బరు పైపులు పాతవే, వంచితే సన్నటి పగుళ్లు కనిపిస్తున్నాయి. ఇప్పటి 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరుకు పడదు కాబట్టి అవి ఎలాగూ మారుస్తాను. ఆ పగుళ్లలోంచి గాలి పీల్చినా ఇలాగే అవుతుందా?

ఇంజిన్‌కు బిగించిన మెకానికల్ పంపు తీసేసి, ట్యాంక్ దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇంజెక్షన్ బండ్ల (కార్బ్యురేటర్ లేకుండా పెట్రోలును ఎక్కువ ప్రెషర్‌తో చిమ్మేవి) పంపు పెడితే ఆ ప్రెషర్‌కు కార్బ్యురేటర్ పొంగిపోతుంది, తక్కువ ప్రెషర్‌ది కావాలి. కడపలో గానీ ప్రొద్దుటూరులో గానీ ఈ పని తెలిసిన పాత మేస్త్రీలు ఉంటే చెప్పండన్నా.